రాత్రిపూట పనిచేసే మొక్క

విద్యార్థులారా! వేసవిలో మన చిల్లకల్లు, జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతాల్లో ఎండ ఎలా ఉంటుందో మీకు నేను చెప్పనక్కర్లేదు. ఉష్ణోగ్రత 44, 45 డిగ్రీలకు చేరుతుంది. పొలం పనులున్నవాళ్లు తెల్లవారుజామునే బయలుదేరి, ఎండ ముదరకముందే ఇల్లు చేరుకుంటారు. ఇలా ఎండకు తగినట్లు పనివేళలు మార్చుకోవడం మనుషులకే తెలుసా? ఒక మొక్కకు కూడా తెలుసు. అదే డ్రాగన్ ఫ్రూట్ మొక్క. ఆ సంగతి తెలియక నేను ఒక మొక్కను చంపుకున్నాను. మీరు ఆ పొరపాటు చేయకుండా ఉండాలనే ఈ వ్యాసం రాస్తున్నాను.

మాస్టారి పొరపాటు

కొన్నేళ్ల క్రితం డ్రాగన్ ఫ్రూట్ కాండం ముక్క ఒకటి తెచ్చి, మా పెరట్లోని నల్లరేగడి మట్టిలో నాటాను. ఎండలు చూసి జాలిపడి, ఉదయం ఒక చెంబు, సాయంత్రం ఒక చెంబు నీళ్లు పోశాను. మూడు వారాలు తిరిగేసరికి మొదలు మెత్తబడి కుళ్లిపోయింది. నడివేసవిలో మొక్క ఎండిపోయిందంటే అర్థముంది. కుళ్లిపోవడమేమిటి? ఇన్నేళ్లుగా వృక్షశాస్త్రం చెబుతున్న నాకు సిగ్గువేసింది. కారణం వెతకడం మొదలుపెట్టాను.

ఇది నాగజెముడు కుటుంబానికి చెందిన మొక్క. దీని పుట్టినిల్లు దక్షిణ మెక్సికో, మధ్య అమెరికా ప్రాంతం. దీనికి ఆకులు లేవు. మూడు పలకల పచ్చని కాండమే ఆహారం తయారుచేస్తుంది. గుజరాత్ ప్రభుత్వం 2021లో ఈ పండుకు ‘కమలం’ అని పేరు పెట్టింది. శాస్త్రజ్ఞులు దీన్ని సెలెనిసీరియస్ ప్రజాతిలో చేర్చారు. గ్రీకు పురాణాల్లో సెలీనీ అంటే చంద్రదేవత. ఆ పేరు దీనికెంత తగినదో ముందుముందు మీకే తెలుస్తుంది.

పగలు తలుపులు మూసి

మామూలు మొక్కలు పగలు పత్రరంధ్రాలు తెరిచి కార్బన్ డై ఆక్సైడును లోనికి తీసుకుంటాయి. అదే దారిన నీటి ఆవిరి బయటికి పోతుంది. డ్రాగన్ ఫ్రూట్ మొక్క తన కాండం మీది సూక్ష్మరంధ్రాలను పగటివేళ దాదాపు మూసేసి, చల్లబడిన తర్వాత రాత్రి తెరుస్తుంది. మరి రాత్రి వెలుతురు ఉండదు కదా! అందుకని లోనికి వచ్చిన కార్బన్ డై ఆక్సైడును మాలిక్ ఆమ్లంగా మార్చి, కణాల్లోని రిక్తికల్లో దాచిపెడుతుంది. తెల్లవారగానే రంధ్రాలు మూసి, దాచిన ఆమ్లం నుంచి ఆ వాయువును తిరిగి విడిపించి, ఎండ సాయంతో పిండిపదార్థం తయారుచేస్తుంది.

ఇప్పుడు నా పొరపాటు మీకు తెలిసిపోయే ఉంటుంది. ఈ మొక్క ఖర్చుచేసే నీరు చాలా తక్కువ. నల్లరేగడి నీటిని పట్టి ఉంచుతుంది. నేను పోసిన నీళ్లు వేళ్ల చుట్టూ నిలిచిపోయాయి. గాలి అందక వేళ్లు కుళ్లాయి.

సామర్లకోట వృక్షశాస్త్రవేత్త

ఈ రహస్యాన్ని పసిగట్టిన తొలివారిలో ఒకరికి మన తెలుగునేలతో సంబంధముంది. 18వ శతాబ్దం చివరలో సామర్లకోటలో ఈస్టిండియా కంపెనీ తోటను చూసిన బెంజమిన్ హైన్, రణపాల ఆకులో ఒక వింత గమనించాడు. ఉదయం నమిలితే చుక్కకూరంత పుల్లగా ఉన్న ఆకు మధ్యాహ్నానికి చప్పబడుతోంది. దీని గురించి ఆయన రాసినది 1815లో లండన్‌లోని లిన్నేయన్ సొసైటీ ప్రచురించింది. రణపాల క్రాసులేసి కుటుంబానిది. అందుకే ఈ పద్ధతికి ‘క్రాసులేసియన్ ఆమ్ల జీవక్రియ’ అని పేరు వచ్చింది.

మీరు మాత్రం రణపాలను నమలకండి. అందులో గుండెకు హాని చేయగల పదార్థాలున్నాయి. బడిలో మీ మాస్టారి సమక్షంలో ఇలా చేయండి. సూర్యోదయానికి ముందు ఒక రణపాల ఆకు కోసి, రెండు గ్రాములు తూచి, నీళ్లతో నూరి వడకట్టండి. అందులో రెండు చుక్కలు ఫినాల్ఫ్తలీన్ వేయండి. సూదిలేని సిరంజితో సున్నపుతేటను కొద్దికొద్దిగా కలపండి. గులాబీరంగు నిలవడానికి ఎన్ని మిల్లీలీటర్లు పట్టిందో రాసుకోండి. సాయంత్రం నాలుగింటికి అదే మొక్క నుంచి మరో ఆకు తెచ్చి ఇలాగే చేయండి. ఏ ఆకుకు ఎక్కువ సున్నపుతేట పట్టింది? ఎందుకు?

నాటడం ఎలా?

ముదిరిన కాండం నుంచి అడుగు పొడవు ముక్క తీసుకుని, కోసినచోటు ఆరేదాకా వారం రోజులు నీడలో ఉంచండి. పాత ప్లాస్టిక్ డ్రమ్మును సగానికి కోసి, అడుగున రంధ్రాలు చేయండి. ఎర్రమట్టి, ఇసుక, చివికిన పశువుల ఎరువు సమపాళ్లలో నింపండి. మధ్యలో మనిషెత్తు స్తంభం నిలిపి, పైన పాత స్కూటరు టైరు బిగించండి. ముక్కను రెండంగుళాల లోతున, తలకిందులు కాకుండా నాటి, నారతో స్తంభానికి వదులుగా కట్టండి. పైమట్టి ఆరిన తర్వాతే నీళ్లు పోయండి. కొమ్మలు టైరు మీదుగా కిందికి వేలాడాలి.

ఇంకొక సంగతి. నాగజెముడు చుట్టమే కదా అని దీన్ని నిలువెండలో పెట్టకండి. ఇది అడవిలో చెట్లను పట్టుకుని, వాటి నీడలో పాకే మొక్క. మన మే నెల ఎండకు కాండం పసుపురంగుకు తిరిగి మాడిపోతుంది. మధ్యాహ్నంవేళ పాత నూలుచీర పందిరైనా వేయండి.

పూవు కోసం ఒక రాత్రి

నా రెండో మొక్క బతికింది. పూలు పూసింది. కానీ పూలన్నీ ఐదారు రోజులకే రాలిపోయాయి! పూవు కూడా రాత్రిదే మరి. మన ఇళ్లలో బ్రహ్మకమలం అని పెంచుకునే మొక్కలాగే, ఇదీ చీకటిపడ్డాక విచ్చుకుని, పొద్దెక్కేసరికి వాడిపోతుంది. దాని స్వదేశంలో గబ్బిలాలు, రాత్రి తిరిగే పెద్ద చిమ్మటలు పరాగసంపర్కం చేస్తాయి. పైగా నాది ఎర్రగుజ్జు రకం. ఈ రకాల్లో చాలావాటికి తమ పుప్పొడి తమకే పనికిరాదు.

మరుసటి ఏడాది, రాత్రి పదిగంటలకు టార్చిలైటు పట్టుకుని కూర్చున్నాను. మిత్రుడి ఇంట్లో పూసిన తెల్లగుజ్జు రకం పుప్పొడిని మెత్తని బ్రష్షుతో కీలాగ్రానికి రాశాను. ఈసారి పూవు వాడినా అండాశయం రాలలేదు. సుమారు నెల రోజులకు ఎర్రగా పండింది.

మీరూ ఒక ముక్క నాటి చూడండి. రోజూ నీళ్లు పోయాలన్న తొందర మానుకుని, మొక్క తన పని ఏ వేళ చేసుకుంటుందో ముందు గమనించండి. అది పూచిన రాత్రి మాత్రం నిద్ర మానుకోండి!