బస్తర్‌లో ఒక చానెల్

ఓరుగల్లు పతనానంతరము కాకతీయ వంశీయుడైన అన్నమదేవుడు ఇంద్రావతి తీరమునకు వచ్చి రాజ్యము స్థాపించెనని ప్రతీతిగల బస్తర్ సీమలో, భోపాలపట్నము, కోంటా ప్రాంతములందు నేటికిని తెలుగు వినవచ్చుచున్నది. తుపాకి మ్రోగినప్పుడు తప్ప పెద్ద టెలివిజన్ సంస్థలు తొంగిచూడని ఆ యడవిపల్లెల బాటలును బడులును వంతెనలును వార్తలై లోకమునకు కనబడుటకు బీజాపూరు పాత్రికేయుడు ముకేశ్ చంద్రాకర్ నడిపిన ‘బస్తర్ జంక్షన్’ అను యూట్యూబ్ చానెల్ ఎంతయో తోడ్పడినది. దానికి లక్షన్నరకు పైగా సబ్‌స్క్రైబర్లు ఉండిరి. 2021 ఏప్రిల్‌లో మావోయిస్టుల చెరనుండి ‘కోబ్రా’ అను కేంద్ర భద్రతాదళపు జవాను రాకేశ్వర్ సింగ్ మన్హాస్‌ను విడిపించి తెచ్చిన వేళ అడవిలోనికి వెళ్ళిన పాత్రికేయులలో ఆయన యొకడు. తన ఊరి దారులు తనకు తెలిసియుండుటయే ఆయనకు మూలధనము. కొత్తగా చానెల్ పెట్టదలచినవారు కెమెరా కొట్టుకు పోవుటకు ముందు తమకట్టి ధనమేమి కలదో విచారించుకొనుట మేలు.

చానెల్ తెరచుట గడియసేపటి పని. గూగుల్ ఖాతా, ఒక పేరు, ఒక చిన్న బొమ్మ చాలును. ఫోన్ నంబరును ధ్రువీకరించిననే గాని పదునైదు నిమిషములకు మించిన వీడియోను ఎక్కింపనీయరు. చిత్రమునకు చేతిలోని ఫోనే సరిపోవును గాని, ధ్వని విషయమున అట్లు కాదు. విప్పపువ్వు, చింతపండు రాసులు పోసిన సంతలో ఒక అవ్వను మాటాడించి చూడుడు: నాలుగడుగుల దూరమున ఫోను పట్టినచో బేరముల గోలయు, కోళ్ళ కూతలును వినబడునుగాని అవ్వ మాట వినబడదు. ఆమె చీర అంచున, నోటికి జానెడు క్రిందుగా చిన్న కాలరు మైకును తగిలించి, గాలి హోరు తగులకుండ స్పాంజి తొడిగినచో అదే సంభాషణ స్పష్టమగును. చిత్రము కొంచెము మసకైనను ప్రేక్షకుడు సహించును. మాట అర్థము కానిచో బొటనవ్రేలితో తోసివేయును. ఇక భాష: హిందీలో చెప్పిననే పదిమంది చూచెదరను భ్రమ మన యువకులకు మెండు. హల్బీ, గోండీ, దోర్లా మాటాడువారికి తమ భాషలో వినదగినవి చాల తక్కువ. ఆ కొరతయే కొత్తవానికి చోటు.

ప్రకటనల రాబడికి వేయిమంది సబ్‌స్క్రైబర్లు, పండ్రెండు నెలలలో 4,000 గంటల వీక్షణము, లేదా తొంబది దినములలో షార్ట్స్‌కు కోటి వీక్షణములు కావలయును. ఇతరుల పాటను అనుమతిలేక వాడుకొని, మూడుమార్లు కాపీరైటు స్ట్రైకు తెచ్చుకొన్నచో చానెలే పోవచ్చును.

ప్రసారము చేయువానికి విరోధులును పుట్టుదురు. నేలసనార్–గంగాలూరు రహదారి పనుల లోపములు ముకేశ్ కృషివలన 2024 డిసెంబరులో వార్తకెక్కినవి. 2025 జనవరి 1న ఆయన అదృశ్యుడయ్యెను. 3వ తేదీన బీజాపూరులో ఒక సెప్టిక్ ట్యాంకులో ఆయన మృతదేహము దొరకెను. ఆ పనుల కాంట్రాక్టరును పోలీసులు హైదరాబాదులో అరెస్టు చేసిరి.

కావున పదిమందిని నొప్పించు విషయమును తీయబోవువాడు మూలదృశ్యముల నకలును వేరొకచోట భద్రపరచి, ఎక్కడికి పోవుచున్నాడో ఇద్దరికైనను చెప్పి, నిందపడినవాని మాటను సైతము రికార్డు చేసికొనవలయును. అంతటి బరువును తొలి దినముననే తలకెత్తుకొననక్కరలేదు. ఆరంభమునకు సంతయో, పంటయో, వంటయో చాలును.