విశ్రాంతి దినం ఎవరి కోసం?

ఆకలిగొన్న శిష్యులు పంటచేలో నడుస్తూ వెన్నులు తుంచి, చేతులతో నలుపుకుని తిన్నారు. పొరుగువాని చేలో చేతితో వెన్నులు తుంచుకోవడం ధర్మశాస్త్రం ప్రకారం తప్పు కాదు (ద్వితీ 23:25). అయినా పరిసయ్యులు తప్పుపట్టారు. కారణం, అది విశ్రాంతి దినం. తుంచితే అది కోత, నలిపితే నూర్పిడి! క్రీ.శ. 200 ప్రాంతంలో కూర్చిన యూదుల మిష్నా గ్రంథం ఆ రోజు చేయకూడని పనులను 39 రకాలుగా లెక్కగట్టింది. కోత, నూర్పిడి రెండూ అందులో ఉన్నాయి.

యేసుప్రభువు వారికి దావీదును గుర్తుచేశాడు. యాజకులే తినవలసిన రొట్టెలను ఆకలివేళ దావీదు, అతని మనుషులు తిన్నారు. విశ్రాంతి దినాన్ని దేవుడిచ్చింది మనిషి మేలుకేనన్నాడాయన (మార్కు 2:23-28).

ఈ సంగతి యూదులకు కొత్తది కాదు. క్రీ.పూ. 167 ప్రాంతంలో అంతియొకసు రాజు సైనికులు విశ్రాంతి దినాన దాడి చేస్తే, ఆ రోజు ఎదిరించకూడదని దాదాపు వెయ్యిమంది ప్రాణాలు వదిలారని మక్కబీయుల మొదటి గ్రంథం చెబుతోంది. వారి భక్తి గొప్పదే. కాని ఆ వార్త విని దుఃఖించిన మత్తతీయ, అతని అనుచరులు ఇకపై ఆ రోజైనా ప్రాణరక్షణకు పోరాడాలని నిశ్చయించుకున్నారు. ప్రాణాపాయముంటే విశ్రాంతి దిన నియమాన్ని పక్కన పెట్టవచ్చని మిష్నా కూడా బోధించింది.

అయితే నియమం వెనకున్న ఉద్దేశాన్ని చూడమంటే ఇష్టమొచ్చినట్టు ఉండమని కాదు. యేసుప్రభువు విశ్రాంతి దినాన సమాజమందిరానికి వెళ్లడం వాడుక (లూకా 4:16). నిజానికి ఉద్దేశమే మనల్ని ఎక్కువ అడుగుతుంది. ఆ రోజు యజమానే కాదు, దాసుడు, దాసి, పరదేశి, చివరికి ఎద్దు, గాడిద కూడా విశ్రమించాలి. ఐగుప్తులో మీరూ దాసులేనని మరువవద్దంటుంది వాక్యం (ద్వితీ 5:14,15).

దీనితో మన ఆదివారాన్ని తూచి చూద్దాం. ఆసుపత్రి డ్యూటీ వల్ల ఆరాధనకు రాలేని నర్సును భక్తి లేనిదని అనేవారున్నారు. ఆమె రోగి పక్కన ఉంది. విశ్రాంతి దినాన ఊచచెయ్యి గలవాణ్ణి బాగుచేసిన ప్రభువు ఆమెను తప్పుపడతాడా? మరోవైపు ఇంటిల్లిపాదీ ఠంచనుగా మందిరానికి వెళితే, వెనక ఇంట్లో అంట్లు తోమే పనిమనిషికి వారంలో ఒక్కరోజైనా సెలవు ఉందా? నియమం నెరవేరింది, దాసికి విశ్రాంతి మాత్రం దొరకలేదు.

ఈ ఆదివారం ఆ నర్సు డ్యూటీ దిగే వేళకు వెళ్లి, ఆమెతో కలిసి ప్రార్థన చేద్దాం. పనిమనిషికి జీతం కోయకుండా సెలవిద్దాం. గిన్నెలు మనమే కడుక్కుందాం. అదీ ఆరాధనలో భాగమే.