తుపాకి వర్తకుని పూచీ

అమెరికా సంయుక్త రాష్ట్రములలో తుపాకుల వర్తకుడు సమాఖ్య ప్రభుత్వమునుండి లైసెన్సు పొంది, కొనువానిచేత 4473 సంఖ్యగల ఫారమును నింపించి, అతని పూర్వచరిత్రను విచారణకు పంపిన పిమ్మటనే ఆయుధమును చేతికీయవలెనని నియమము. అట్లు అమ్ముడైన తుపాకి హంతకుని చేతబడినచో వర్తకుడెంతవరకు జవాబుదారి యనునదే చిరకాలముగా అచ్చటి న్యాయస్థానములను వేధించుచున్న ప్రశ్న.

2002లో వాషింగ్టన్ పరిసరములలో చాటునుండి పదిమందిని కాల్చి చంపినవారి రైఫిలు టకోమా పట్టణపు దుకాణమొకదానినుండి మాయమైనది. అది ఎట్లు పోయెనో దుకాణదారు లెక్క చెప్పలేకపోయెను. 2004లో అతడును, రైఫిలు తయారుచేసిన బుష్‌మాస్టర్ సంస్థయు బాధితులకు దాదాపు 25 లక్షల డాలర్లిచ్చి రాజీపడిరి. ఇట్టి దావాలకు బెదరిన పరిశ్రమ మొరపెట్టుకొనగా, పరులొనర్చిన నేరమునకు తయారీదారునిగాని వర్తకునిగాని బాధ్యుని చేయరాదని 2005లో కాంగ్రెసు శాసించెను. అయితే అనర్హుడని యెరిగియు ఆయుధమప్పగించుట, తెలిసి తెలిసి శాసనమును మీరుట మున్నగునవి ఆ రక్షణకు వెలుపలనే నిలిచినవి. నా దృష్టిలో ఆ శాసనమునకు ప్రాణము ఈ మినహాయింపులలోనే యున్నది.

2009లో మిల్వాకీ నగరపు పొరుగునున్న తుపాకుల దుకాణమొకదానికి, పిస్తోలు కొనదగిన ఇరువదియొక్క యేండ్లు నిండని కుర్రవాడొకడు మరియొకనిని వెంటబెట్టుకొని వచ్చి వానిచేత కొనిపించెను. నిజముగా కొనువాడవు నీవేనా యని ఫారము అడిగినచోట ఆ రెండవవాడు 'కాదు' అని గుర్తు పెట్టగా, గుమాస్తా వానిని దానిని దిద్దుకొననిచ్చెను. నెల తిరుగునప్పటికి ఆ పిస్తోలు ఇద్దరు పోలీసులను తీవ్రముగా గాయపరచెను. 2015లో జ్యూరీ దుకాణముపై దాదాపు 60 లక్షల డాలర్ల పరిహారము మోపెను. మిస్సోరీలో 2012లో, మతిస్థిమితము లేని తన కుమార్తెకు తుపాకి అమ్మవలదని తల్లి దుకాణమువారిని ముందే టెలిఫోనులో వేడుకొన్నను, రెండు దినములకే అమ్మిరి. గంట గడువకముందే ఆ కుమార్తె తండ్రిని కాల్చి చంపెను. తల్లి వేసిన దావాలో, అనర్హురాలని యెరిగియు ఆయుధమప్పగించిరను ఆరోపణకు 2005 నాటి శాసనము అడ్డురాదని 2016లో ఆ రాష్ట్రపు సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను.

అంగడి బల్లకు దూరముగా నుండు తయారీదారులపై మాత్రము మెక్సికో దేశము వేసిన దావాను 2025 జూనులో అమెరికా సుప్రీంకోర్టు ఏకగ్రీవముగా త్రోసిపుచ్చినది. విడిభాగములు అమ్మువారి సంగతి వేరు. ఇంటిలో అమర్చుకొను కిట్లను క్రమసంఖ్య లేకుండ, విచారణ లేకుండ అమ్ముట 2022 వరకు చెల్లెను. తేలికగా తుపాకిగా మార్చదగినవి ఆయుధములేయని 2022లో ప్రభుత్వము చేసిన నిబంధనను 2025 మార్చిలో అదే న్యాయస్థానము నిలిపినది గనుక, అట్టి కిట్ల వ్యాపారియు లైసెన్సు పుచ్చుకొని, కొనువానిని విచారించి, లెక్కలు వ్రాసియుంచవలెను.