లినక్స్ తెర ఎందుకు మసకబారుతుంది?

ఢిల్లీ నెహ్రూ ప్లేస్ బజారులో వాడిన కంప్యూటర్లూ దొరుకుతాయి. అలాంటిదాంట్లో లినక్స్ వేస్తే ఒక్కోసారి అక్షరాలు లావుగా, మసగ్గా కనబడతాయి. ఎందుకు?

మానిటర్ తన కొలతలను ఈడీఐడీ అనే చిన్న చీటీలో దాచుకుని, కేబుల్ గుండా కంప్యూటర్‌కు చెబుతుంది. దాని కనీస పరిమాణం 128 బైట్లే! కేబుల్ పాడైనా, నాసిరకం కన్వర్టర్ అడ్డొచ్చినా ఆ కబురు చేరదు. అప్పుడు లినక్స్ 1024×768 లాంటి చిన్న కొలతతో సరిపెట్టుకుంటుంది. 1920×1080 చుక్కల తెర మీద ఆ బొమ్మను సాగదీయాల్సి వస్తుంది. అందుకే మసక.

తెర ఇలా కనబడగానే చాలామంది నేరుగా డ్రైవర్ మీద, అంటే గ్రాఫిక్స్ కార్డును నడిపే సాఫ్ట్‌వేర్ మీద పడతారు. నా మాట విని ముందు కేబుల్ మార్చి చూడండి, అదే తేలిక. అప్పటికీ మారకపోతే టెర్మినల్‌లో ‘ఎల్ఎస్‌పీసీఐ -కె’ అని ఇంగ్లీషు చిన్నక్షరాల్లో కొట్టండి. గ్రాఫిక్స్ కార్డును ఏ డ్రైవర్ నడుపుతోందో తెలుస్తుంది. ఎన్విడియా డ్రైవర్ వేసినా పనిచేయట్లేదా? సెక్యూర్ బూట్ అనే భద్రతా ఏర్పాటు ఆన్‌లో ఉందేమో చూడండి. డిజిటల్ సంతకం లేని డ్రైవర్‌ను అది రానివ్వదు.