మీకు తెలుసా? వంకరపోయిన వేళ్లతో లక్ష కంటి ఆపరేషన్లు

మధురైలో అరవింద్ కంటి ఆసుపత్రిని స్థాపించిన డాక్టర్ గోవిందప్ప వెంకటస్వామి, కీళ్లవాతంతో వంకరపోయిన వేళ్లతోనే లక్షకు పైగా కంటి ఆపరేషన్లు చేశారు.

ఎట్టయపురం దగ్గరి వడమలాపురంలో, తెలుగు మాట్లాడే రైతు కుటుంబంలో 1918లో పుట్టారాయన. కాన్పుల డాక్టరు కావాలనుకున్నారు. ముప్పై ఏళ్లకే రుమటాయిడ్ ఆర్థరైటిస్ మంచాన పడేసింది. కోలుకున్నాక పెన్ను పట్టుకోవడమే గగనమైంది. అయినా కంటి వైద్యం చదివి, తన చేతికి తగ్గట్టు పనిముట్లు చేయించుకుని, కత్తి పట్టడం మళ్లీ మొదటి నుంచి సాధన చేశారు. ఎంత పట్టుదల!

ప్రభుత్వోద్యోగం నుంచి రిటైరయ్యాక, 1976లో 11 పడకలతో అరవింద్ మొదలుపెట్టారు. అక్కడ ఆపరేషన్ గదిలో బల్లలు పక్కపక్కనే ఉంటాయి. ఒకరి కంట్లో శుక్లం తీస్తుండగానే నర్సులు పక్క బల్ల మీద మరొకరిని సిద్ధం చేస్తారు. ఆ పని కాగానే డాక్టరు మైక్రోస్కోపును ఇటు తిప్పుకుంటారు. ఇవ్వగలిగినవాళ్లు కట్టే ఫీజుతోనే లేనివాళ్లకు ఉచితంగా చూపు వస్తోంది. కంట్లో అమర్చే లెన్సులు 1992 నుంచి సొంత సంస్థ ఆరోల్యాబ్‌లో తయారవుతున్నాయి. కోయంబత్తూరులోనూ 1997లో అరవింద్ ఆసుపత్రి వచ్చింది.