టికెట్టు కన్నా ముందు మజిలీ చూడండి

‘మజిలీ’ అనే మాట తెలుగులో ఎంతగా కలిసిపోయిందంటే, అది అరబ్బీ ‘మంజిల్’ నుండి వచ్చిందని చాలామందికి తోచదు. ఆ మాట విలువ మన గండికోటకు బాగా తెలుసు. 1650లో గోల్కొండ సుల్తాను తరఫున ఈ కోటను జయించిన మీర్ జుమ్లా ఇస్ఫహాన్ ప్రాంతం నుండి వచ్చినవాడు. అతణ్ణి కలుసుకోవడానికి ఫ్రెంచి వజ్రాల వర్తకుడు టావెర్నియే 1652లో సముద్రం మీద మచిలీపట్నం చేరి, అక్కడి నుండి మజిలీలు చేసుకుంటూ పెన్నా లోయ అంచుకు వచ్చాడు. ఆ కాలపు బాటసారి ముందుగా ఆలోచించేది ఎక్కడ ఆగాలి, నీరు ఎక్కడ దొరుకుతుంది, రాత్రి ఎక్కడ తలదాచుకోవాలి అని. ఎన్ని రోజులు పడుతుందన్నది ఆ తరువాతి ప్రశ్న. ఈనాడు మనం టికెట్టు ధర చూస్తాము, మొత్తం గంటలు చూస్తాము. ఆగే చోటును మాత్రం చూడము.

కడప, రాయచోటి, రాజంపేట ప్రాంతాల ముస్లిం కుటుంబాలకు చాలాకాలం విమానమంటే కువైట్ విమానమే. మద్రాసులోనో హైదరాబాదులోనో ఎక్కితే నాలుగైదు గంటల్లో దిగడమే. ఇప్పుడు అవే ఇళ్ల నుండి వయసు మళ్లిన దంపతులు కూతురి కాన్పుకనో, మనవడి అఖీఖాకనో అమెరికా వెళుతున్నారు. ఇది కువైట్ ప్రయాణాన్ని కాస్త పొడిగించినట్లు ఉంటుందని అనుకోవడం పొరపాటు. గల్ఫ్ నుండి డల్లాస్‌కు ఒక్క విమానమే సుమారు 16 గంటలు. బస్సు, విమానాలు, నిరీక్షణ అన్నీ కలిపితే ఇంటి గడప నుండి బిడ్డ గడపకు ఇంచుమించు రెండు రోజులు.

మా పూర్వ విద్యార్థి ఒకరి తల్లిదండ్రులు జమ్మలమడుగు వైపు వారు. కొడుకు అక్కడి నుండే టికెట్లు కొని, కొంత సొమ్ము మిగిలిందని సంతోషించాడు. అయితే అవి రెండు సంస్థల వేర్వేరు టికెట్లు. మొదటి విమానం ఆలస్యమయింది, రెండవది వెళ్లిపోయింది. టికెట్టు ఒకటి కానందున ఆ బాధ్యత ఏ సంస్థ మీదా పడలేదు. తల్లి మధుమేహ రోగి. ఇన్సులిన్ లగేజీలో వేసిన పెట్టెలో ఉండిపోయింది. ఇంగ్లీషు రాదు, ఫోనులో చార్జింగు లేదు. రాత్రంతా కుర్చీల మీద కూర్చున్న ఆ ఇద్దరిని చూసి, తెల్లవారుజామున ఊడ్చడానికి వచ్చిన ఒక మలయాళీ కార్మికుడు తన ఫోను ఇచ్చి కొడుకుతో మాట్లాడించాడు. అల్లాహ్ అతనికి మేలు చేయుగాక! మిగిల్చుకున్న దానికి మూడింతలు కొత్త టికెట్లకు పోయింది.

కనుక మొదటి షరతు ఇది: ఇంటి దగ్గరి విమానాశ్రయం నుండి చివరి ఊరి వరకు ఒకే బుకింగు నంబరు ఉండాలి. అప్పుడు ఒక విమానం తప్పితే మరొక దానిలో ఎక్కించే బాధ్యత సంస్థదే అవుతుంది. రెండవది, అమెరికాలో మొదట దిగే ఊరిలోనే పాస్‌పోర్టు తనిఖీ జరుగుతుంది, పెట్టెలను అక్కడే తీసుకొని మళ్లీ అప్పగించాలి. ఆ తరువాత మరో విమానం ఎక్కవలసి ఉంటే మధ్యలో కనీసం మూడు గంటలు కావాలి. వృద్ధులకు గల్ఫ్ నుండి నేరుగా బిడ్డ ఉన్న ఊరికే వెళ్లే విమానం దొరికితే, ధర కొంత ఎక్కువైనా అదే మేలు. అబుదాబీలో 2014 నుండి అమెరికా అధికారులే బయలుదేరే ముందు ఆ తనిఖీ పూర్తి చేస్తున్నారు. ఆ దారిన వెళ్లేవారికి అవతల దిగాక ఈ శ్రమ ఉండదు, అబుదాబీలో మాత్రం ఆ వరుసకు సమయం ఉంచుకోవాలి.

ఎక్కడ ఎక్కాలన్నదీ ఆలోచించవలసినదే. కర్నూలు మీదుగా వెళితే శంషాబాదు హైదరాబాదు నగరం కన్నా ముందే వస్తుంది. బెంగళూరు విమానాశ్రయమున్న దేవనహళ్లి కూడా మన వైపే, నగరానికి ఉత్తరాన ఉంది. మద్రాసుకు వెళితే మాత్రం నగరాన్ని దాటి మీనంబాకం చేరాలి. విమానం రాత్రి అయితే పగలే బయలుదేరండి.

ఇక గల్ఫ్‌లో ఆగే సమయం. గంటన్నరలో రెండవ విమానం ఉందని పిల్లలు మురిసిపోతారు. మోకాళ్ల నొప్పులున్న తల్లికి ఆ గంటన్నర పరుగుతోనే సరిపోతుంది. నా అభిప్రాయంలో మూడు నుండి నాలుగు గంటల మజిలీ వృథా కాదు. దోహా, దుబాయి, అబుదాబీ విమానాశ్రయాలలో స్త్రీ పురుషులకు వేర్వేరు నమాజు గదులు, వుజూకు నీరు ఉన్నాయి. ఖిబ్లా వైపు నిలబడి, రుకూ సజ్దాలతో తృప్తిగా నమాజు చేసుకోగల చోటు అది. కాళ్ల వాపు తగ్గేలా కాసేపు నడవవచ్చు. వీల్‌చైరు సహాయాన్ని టికెట్టు కొనేటప్పుడే కోరండి, దానికి రుసుము లేదు. అడగడం నామోషీ అనుకునే తండ్రులు మనలో చాలామంది ఉన్నారు!

గల్ఫ్ సంస్థల విమానాలలో భోజనమంతా హలాలే. ఇతర సంస్థలలో ముస్లిం భోజనాన్ని కనీసం ఒక రోజు ముందే కోరాలి. సాధారణంగా ఒక్కొక్కరికి ఒక ప్రత్యేక భోజనమే ఇస్తారు. మధుమేహులకు గల్ఫ్ సంస్థలలో ఇదొక సౌలభ్యం: హలాల్ గురించి చింత లేకుండా మధుమేహ భోజనాన్నే ఎంచుకోవచ్చు. ఇన్సులిన్‌ను, మాత్రలను వైద్యుని చీటీతో సహా చేతిసంచిలోనే ఉంచండి. కింది సరుకుల గదిలో ఇన్సులిన్ గడ్డకట్టి పాడయ్యే ప్రమాదముంది. పడమరకు వెళ్లేకొద్దీ పగలు సాగుతుంది కనుక మోతాదు వేళలను ముందే వైద్యునితో మాట్లాడి రాయించుకోవాలి. బక్రీదు ఎండు మాంసం ఎంత ప్రీతిగా కట్టినా అమెరికాలోకి రానివ్వరు.

ఊరి పొలిమేర దాటగానే మీరు ముసాఫిర్ అవుతారు. జొహర్, అస్ర్, ఇషా ఫర్జులు రెండేసి రకాతులు. ఫజర్, మగ్రిబ్ మారవు. స్థానిక ఇమాము వెనుక చేస్తే పూర్తిగా చేయాలి. తోలు మేజోళ్లు ఉన్నవారు వుజూతో వాటిని తొడుక్కొని బయలుదేరితే, ప్రయాణీకునికి మసహ్ గడువు మూడు పగళ్లు, మూడు రాత్రులు. భద్రతా తనిఖీలో బూట్లు విప్పమంటే మేజోళ్లు మాత్రం జారకుండా చూసుకోండి, వాటిని విప్పితే పాదాలు కడగాలి. ఇరుకైన స్నానాలగదిలో అది కష్టం.

విమానంలో నమాజు వేళలను బయలుదేరిన ఊరి గడియారంతో కాక, కిటికీలోని సూర్యునితో నిర్ణయించుకోవాలి. వేసవిలో ఉదయం గల్ఫ్ నుండి బయలుదేరితే డల్లాస్ చేరేదాకా పగలే ఉంటుంది. తిరుగు ప్రయాణంలో రాత్రి తొందరగా కమ్ముకొని తొందరగా తెల్లవారుతుంది. సిబ్బందిని మర్యాదగా అడిగి వంటగది పక్కన నిలబడండి, భోజన బండ్లు తిరిగే వేళ మాత్రం అడగకండి. నిలబడే వీలే లేక కూర్చుని చేసినవారు, దానిని తిరిగి చేయాలా అన్నది బయలుదేరే ముందే తమ ఇమామును అడిగి తెలుసుకోవాలి. ఉపవాసముంటే విమానంలో నుండి సూర్యాస్తమయం కనబడిన తరువాతే ఇఫ్తార్. అయితే ప్రయాణీకునికి రోజాను వాయిదా వేసే అనుమతిని దివ్య ఖుర్ఆనే ఇచ్చింది. మందులు వాడే పెద్దలు దానిని వినియోగించుకోవడానికి సంకోచించనక్కరలేదు.

కొడుకు ఇంట ఆరు నెలలు ఉండాలని వెళ్లినవారు అక్కడ చేరగానే పూర్తి నమాజు చేయాలి. హనఫీ విధానంలో పదిహేను రోజులు ఉండాలనుకుంటే చాలు, స్థానికులే. అక్కడి నుండి సుమారు 78 కిలోమీటర్లకు పైబడిన వేరే ఊరిలోని కూతురి ఇంటికి నాలుగు రోజుల కోసం వెళితే మళ్లీ ఖస్ర్.