లింకులు కొంటే ర్యాంకు వస్తుందా?

ఇంటర్నెట్‌లో ఏదైనా వెతికితే వేలకు వేల పేజీలు దొరుకుతాయి. మనం తెరిచి చూసేది మాత్రం పైనున్న నాలుగైదే. ఆ నాలుగైదింటిలో చోటు కోసం తెర వెనుక పెద్ద బేరమే సాగుతుంది.

జిరాక్సులు పట్టుకొని గెజిటెడ్ అధికారి సంతకం కోసం తిరిగిన మన సీనియర్లకు ఈ సంగతి తేలిగ్గా అర్థమవుతుంది. సంతకం పడితేనే ఆ కాగితానికి విలువ. వెబ్‌సైట్‌కు అలాంటి సంతకమే లింకు. ఒక సైటు మరో సైటుకు లింకు ఇచ్చిందంటే "ఇది చూడదగ్గది" అని సాక్ష్యం చెప్పినట్టే. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో పరిశోధన విద్యార్థులుగా ఉన్న లారీ పేజ్, సెర్గీ బ్రిన్ ఈ ఆలోచనను లెక్కగా మార్చి, 1998లో గూగుల్ సంస్థను స్థాపించారు. ఆ లెక్క పేరు పేజ్‌ర్యాంక్. ఎన్ని లింకులు వచ్చాయన్నదే కాదు, ఎవరు ఇచ్చారన్నదీ అది చూస్తుంది. పేరున్న సైటు ఇచ్చే ఒక్క లింకు, ఎవరికీ తెలియని వంద సైట్ల లింకుల కన్నా ఎక్కువ తూగవచ్చు.

సంతకానికి అంత విలువ ఉంటే అమ్మేవాళ్లు రాకుండా ఉంటారా?

అమెరికాలో జె.సి.పెన్నీ అనే పెద్ద దుకాణాల సంస్థ ఉంది. శాంసొనైట్ సూట్‌కేసుల కోసం వెతికినా, శాంసొనైట్ సొంత సైటు కన్నా పెన్నీ సైటే నెలల తరబడి ముందు వచ్చేది. దీని గుట్టును 2011 ఫిబ్రవరిలో న్యూయార్క్ టైమ్స్ పత్రిక బయటపెట్టింది. బట్టలతో, సామాన్లతో ఏ సంబంధమూ లేని సైట్లు సహా రెండు వేలకు పైగా పేజీల్లో పెన్నీ లింకులు అతికించి ఉన్నాయి. గూగుల్ చర్య తీసుకోగానే, ఆ సూట్‌కేసుల వెతుకులాటలో మొదటి స్థానం నుంచి రెండు గంటల్లో 71వ స్థానానికి పడిపోయింది. తమకేమీ తెలియదని చెప్పి, ఆ పని చూస్తున్న సలహా సంస్థను పెన్నీ తొలగించింది. మరుసటి ఏడాది గూగుల్‌కే ఈ చిక్కు వచ్చింది. దాని క్రోమ్ బ్రౌజర్ ప్రచారానికి డబ్బిచ్చి రాయించిన రాతల్లో లింకు దొరికితే, సొంత పేజీ ర్యాంకునే తగ్గించుకోక తప్పలేదు!

2012 ఏప్రిల్‌లో పెంగ్విన్ అనే మార్పు వచ్చాక కొన్న లింకులను పట్టుకోవడం పెరిగింది. ఇప్పుడు చాలావరకు వాటిని లెక్కలోకే తీసుకోరు. అంటే కొన్నవాడి డబ్బు బూడిదలో పోసినట్టే. అయితే అన్నీ దొరుకుతాయనుకోవద్దు, బేరం ఇంకా నడుస్తూనే ఉంది.

ప్రకటన వేసుకోవడం తప్పు కాదు. డబ్బు తీసుకుని పెట్టిన లింకుకు "స్పాన్సర్డ్" అనో, 2005లో వచ్చిన "నోఫాలో" అనో పేజీ కోడులో గుర్తు పెడితే చాలు. సైట్లు నడుపుతున్న మన పాత విద్యార్థులు, "ఒక్క లింకు పెట్టండి, నెలనెలా ఇంత ఇస్తాం" అని ఎవరైనా అడిగితే ముందు ఈ గుర్తు మాట ఎత్తండి. చాలామంది బేరం అక్కడే వదిలేస్తారు.

ఇక స్కాలర్‌షిప్ ఆఖరి తేదీ కోసం వెతికే తమ్ముళ్లు, చెల్లెళ్లు పైన వచ్చిందే ప్రభుత్వ సైటు అనుకోవద్దు. ఆధార్, బ్యాంకు ఖాతా నంబర్లు ఇచ్చే ముందు సైటు పేరు "గవ్ డాట్ ఇన్"తో ముగిసిందో లేదో చూసుకోండి.